ఎలైన్‌మెంట్ షీటులో అన్నీ ఆకుపచ్చే, అయినా కారు ఎడమకు లాగుతోంది

ప్రశ్న: నాది ముందు చక్రాలకు పవర్ వెళ్లే చిన్న కారు. గతుకుల్లో టకటక శబ్దం వస్తోందని ముందువైపు స్ట్రట్లు రెండూ, లోయర్ ఆర్మ్‌లు రెండూ, టై రాడ్ ఎండ్‌లు కొత్తవి వేయించాను. శబ్దం పోయింది గానీ అప్పటినుంచీ బండి ఎడమకు లాగుతోంది. 60 కి.మీ. వేగంలో స్టీరింగు కాస్త వదులుగా పట్టుకుంటే చాలు, పక్కకు పోతుంది. కొంచెం కుడికి తిప్పి పట్టుకుంటేనే నేరుగా నడుస్తుంది. వీల్ ఎలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. రెండోసారీ అంకెలన్నీ ఆకుపచ్చలోనే వచ్చాయి. ‘రోడ్డు వాలు వల్ల అలా ఉంటుంది, ఇక చేసేదేమీ లేదు’ అన్నారు. రిపేరుకు ముందు తీసిన షీటులో కేంబర్ ఎడమ −0°25′, కుడి −0°30′. ఇప్పటి షీటులో ఎడమ +0°10′, కుడి −0°35′. టో రెండు పక్కలా 0°05′. కాస్టర్ గడులు ఖాళీగా ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు ప్రత్యేకంగా తేడా ఏమీ తెలియడం లేదు. ఎక్కడ చూడమంటారు?

సమాధానం: పాత షీటు పారేయకుండా ఉంచడం మంచిదైంది. రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతోంది. కేంబర్ అంటే ముందునుంచి చూస్తే చక్రం ఎంత వాలి ఉందన్నది, పైఅంచు బయటికి వాలితే ప్లస్ (పాజిటివ్), లోపలికి వాలితే మైనస్ (నెగటివ్). కుడి కేంబర్ దాదాపు కదల్లేదు, అయిదు నిమిషాలే మారింది. ఎడమది మాత్రం −25 నుంచి +10కి, అంటే 35 నిమిషాలు బయటి వైపు జరిగింది. ఇక్కడ నిమిషాలంటే డిగ్రీలో భాగాలు. 60 నిమిషాలు ఒక డిగ్రీ, కాబట్టి 0°30′ అంటే అర డిగ్రీ. దాన్ని 0.30 డిగ్రీ అని చదివి తేడాను తక్కువగా అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆకుపచ్చ రంగు గురించి ముందు చెప్పాలి, మిమ్మల్ని రెండుసార్లు తిప్పింది అదే. కంపెనీ ఒక్కో చక్రానికి ఒక కొలత, దానికి అటూఇటూ కొంత వెసులుబాటు ఇస్తుంది. ఉదాహరణకు కేంబర్ −0°30′, దానికి 45 నిమిషాల వెసులుబాటు అనుకుందాం. అప్పుడు −1°15′ నుంచి +0°15′ దాకా ఎక్కడున్నా మిషన్ ఆకుపచ్చే చూపిస్తుంది. మీ ఎడమ చక్రం ఆ హద్దులో ఒక కొసకు దగ్గరగా ఉంది, కుడిది మధ్యలో ఉంది. విడివిడిగా రెండూ పాసే. కానీ బండి నేరుగా పోవడానికి చూడాల్సింది ఎడమకూ కుడికీ మధ్య తేడా. మీ షీటులో ఆ తేడా 45 నిమిషాలు, ముప్పావు డిగ్రీ. 30 నిమిషాలు దాటిందంటే చాలా కార్లలో లాగుడు చేతికి తెలుస్తుంది. కేంబర్ ఎటు ఎక్కువ పాజిటివ్‌గా ఉంటే బండి అటే పోతుంది. మీ కారులో ఎడమ చక్రం పైఅంచు బయటికి, కుడి చక్రం పైఅంచు లోపలికి ఉన్నాయి, అంటే రెండు చక్రాలూ ఎడమకే వాలి ఉన్నాయి. లాగుడూ ఎడమకే. లెక్క సరిపోయింది.

టో విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది. చాలా చోట్ల ఎలైన్‌మెంట్ అంటే ముందు చక్రాల టో సరిచేయడమే. అయితే ముందు టోలో తేడా ఉంటే టైరు అంచులు అరుగుతాయి, స్టీరింగు వంకరగా నిలుస్తుంది, బండి నిలకడ తప్పుతుంది, అంతే గానీ అదే పనిగా ఒక పక్కకు లాగదు. నడుస్తున్నప్పుడు రెండు ముందు చక్రాలూ ఆ తేడాను చెరిసగం పంచేసుకుంటాయి. అందువల్ల మూడోసారి టో చేయించినా మీ సమస్య అలాగే ఉంటుంది.

ఇప్పటికే అనుమానం ఎడమ స్ట్రట్టు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు భాగం) మీదికి వెళ్లింది. అయినా బోల్టు విప్పే ముందు కొన్ని పరీక్షలు చేయండి. కేంబర్ తేడా ఉన్న బండిలోనే టైరు లోపమో, బ్రేకు పట్టేయడమో కూడా ఉండొచ్చు. అదే జరిగితే కేంబర్ సరిచేశాక సగం లాగుడు మిగిలి, చేసిన పని తప్పేమో అనిపిస్తుంది.

మొదట రోడ్డు వాలు. వాన నీరు పోవడానికి రోడ్డును అంచు వైపు వాలుగా వేస్తారు కాబట్టి మంచి బండి కూడా మెల్లగా అంచుకు జరుగుతుంది. మీ షాపువాళ్లు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. తేల్చుకోవడానికి ఖాళీగా ఉన్న విశాలమైన చదును నేల కావాలి. ఒకే గీత మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి 40 కి.మీ. వేగంలో నడపండి. రెండు దిక్కుల్లోనూ ఎడమకే పోతే లోపం బండిది. వెళ్లేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి పోతే అది నేల వాలు. మీ బండిలో లేన్ దాటకుండా ఆపే సహాయం ఉంటే ఈ పరీక్షలన్నిటికీ దాన్ని ఆపేయండి. అది స్టీరింగును తనంతట తాను తిప్పుతుంటే మీకు ఏదీ తేలదు.

తర్వాత టైర్లు. పొద్దున్నే, బండి కదలకముందు గాలి చూడండి. ముందు రెండింటి మధ్య నాలుగైదు పి.ఎస్.ఐ. తేడా ఉన్నా గాలి తక్కువున్న పక్కకు లాగుతుంది. రెండింట్లోనూ డోర్ దగ్గరి స్టిక్కరు మీదున్న కొలతే నింపి, ఆపైన ముందు టైర్లను ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి నడపండి. లాగుడు కుడికి తిరిగినా, మాయమైనా తప్పు టైరుదే. లోపలి బెల్టులు సరిగ్గా కుదరని టైరు చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, కానీ దొర్లేటప్పుడు ఒక పక్కకు తోస్తుంది. ఏమీ మారకపోతే టైర్లను అనుమానించనక్కర్లేదు. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే పక్కలు మార్చకుండా ఒకే పక్కన ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ వేసి చూడండి. సస్పెన్షన్ పని తర్వాత ఈ పరీక్ష మరీ అవసరం. ఎలైన్‌మెంట్‌తో పాటు టైర్లు మార్చి వేయడం చాలా చోట్ల అలవాటు. వెనక ఉన్నన్నాళ్లూ తెలియని టైరు లోపం ముందుకు రాగానే స్టీరింగులో తెలుస్తుంది, తిట్లు మాత్రం కొత్త స్ట్రట్టుకు పడతాయి.

మూడోది బ్రేకు. బ్రేకు వేసినప్పుడు తేడా తెలియడం లేదన్నారు, అయినా పట్టేసిన బ్రేకు కాలు తీసేసినా లాగుతూనే ఉంటుంది. స్ట్రట్టు విప్పేటప్పుడు బ్రేకు హోసు క్లిప్పు తీస్తారు, కొన్ని బండ్లలో కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) కూడా విప్పి పక్కన పెడతారు. దాన్ని తీగతో కట్టి వేలాడదీయాలి. అలా కాకుండా హోసుకే వేలాడనిస్తే హోసు లోపలి పొర చిట్లుతుంది, బయటికేమీ కనపడదు. పెడల్ తొక్కినప్పుడు నూనె లోపలికి పోతుంది, వదిలాక సరిగ్గా వెనక్కి రాదు. హోసును మెలి తిప్పి బిగించినా ఇబ్బందే.

పరీక్ష ఇలా చేయండి. అయిదారు కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి, బండిని దానంతట అదే ఆగనివ్వండి. రెండు ముందు చక్రాల దగ్గరా అరచేతిని తాకించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడండి, లేదా తాకకుండా కొలిచే థర్మామీటరు వాడండి. ఎడమది కొట్టొచ్చినట్టు వేడిగా ఉంటే ఆ చక్రం పైకెత్తి న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి. గట్టిగా ఉందా? కాలిపర్ మీది గాలి తీసే నిపుల్‌ను కొంచెం వదులు చేయండి. నూనె చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపలే ఉండిపోతోందని, చాలాసార్లు అది హోసు పని. నిపుల్ వదిలినా చక్రం గట్టిగానే ఉంటే కాలిపర్ పిన్నులో పిస్టనో పట్టేశాయి. నిపుల్ తెరిచాక బ్రేకు పెడల్ తొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకున్నాకే బండి కదపండి. మెత్తగా ఉంటే గాలి తీయించాలి.

ఈ మూడూ దాటాక అసలు పనికి వద్దాం. మీ కారులాంటి వాటిలో ముందు స్ట్రట్టు కింది భాగాన రెండు చెవులు ఉంటాయి. చక్రాన్ని మోసే నకిల్ వాటి మధ్యలో దూరి, ఒకదాని కింద ఒకటిగా రెండు పెద్ద బోల్టులతో బిగుస్తుంది. ఆ రంధ్రాలు బోల్టు కంటే రవ్వంత పెద్దవి. ఆ రవ్వంత చాలు. రెండు బోల్టుల మధ్య 60 మి.మీ. దూరం ఉందనుకుంటే, పైబోల్టు దగ్గర నకిల్ 0.7 మి.మీ. జరిగితే కేంబర్ 40 నిమిషాలు మారిపోతుంది. ఒక మిల్లీమీటరు కూడా నిండని జరుగుడది. స్ట్రట్టు మార్చేటప్పుడు చక్రం గాల్లో ఉంటుంది. బ్రేకు డిస్కు, హబ్బు బరువంతా బయటి వైపు ఉంటుంది గనక నకిల్ పైభాగం బయటికి వాలి నిలుస్తుంది. అలాగే వదిలేసి బోల్టులు బిగిస్తే కేంబర్ పాజిటివ్ వైపు పోతుంది. ఒక పక్క బిగించేటప్పుడు చేయి ఆనించి లోపలికి నెట్టి, రెండో పక్క అలాగే బిగించేస్తే సరిగ్గా మీ షీటులో ఉన్న తేడానే వస్తుంది. మీ కారుకు జరిగింది ఇదేనని గట్టిగా అనిపిస్తోంది.

బోల్టు ముట్టుకోకముందు ఇంకో చిన్న సంగతి చూసుకోండి. కొన్ని కార్లలో పైబోల్టు తల పక్కన, లేదా స్ట్రట్టు పైకొన బాడీకి బిగిసే టాప్ మౌంటు దగ్గర, కేంబర్ మార్చే గుర్తులూ గీతలూ ఉంటాయి. పాతది విప్పేటప్పుడు మెకానిక్ దానికి గుర్తు పెట్టకపోతే కొత్తగా బిగించాక ఎటో ఉంటుంది. టాప్ మౌంటు మీద బాణం గానీ, ఎడమ కుడి అన్న గుర్తు గానీ ఉంటే బానెట్ ఎత్తి రెండు పక్కలా ఒకే తీరుగా ఉన్నాయా చూడండి. మౌంటు మధ్య రంధ్రం కాస్త పక్కకు ఉండే రకాల్లో తిప్పి వేస్తే కేంబర్, కాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు గీత ముందుకో వెనక్కో వాలిన కోణం) రెండూ చెడతాయి. స్ప్రింగు కొన తన సీటులోని మెట్టుకు ఆనిందో లేదో కూడా చక్రం సందులోంచి కనపడుతుంది. ఆనకపోతే ఆ పక్క ఎత్తు మారుతుంది. చదునైన నేల మీద హబ్బు మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా కొలవండి. 10 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే మొదట స్ప్రింగు సంగతి, కింద చెప్పబోయే బుష్‌ల (లోయర్ ఆర్మ్ కీళ్లలోని రబ్బరు ముక్కలు) సంగతి చూసి, తర్వాతే కేంబర్ జోలికి వెళ్లండి. ఎత్తు సరిచేస్తే కేంబర్ మళ్లీ మారుతుంది.

బిగింపు పని ఇలా ఉంటుంది. బండిని గట్టి నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందుభాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. జాకీ మీదే వదిలేసి కింద చేయి పెట్టొద్దు. ఎడమ చక్రం తీశాక ఏ.బి.ఎస్. వైరునూ బ్రేకు హోసునూ స్ట్రట్టు నుంచి విడదీయాలి. నట్లు తిప్పాలి గానీ బోల్టు తలలు తిప్పకూడదు. చాలా బండ్లలో ఆ బోల్టుల మెడ మీద గీతలుంటాయి, తిప్పితే రంధ్రం పెద్దదవుతుంది. కింది నట్టు కాస్త, పై నట్టు ఇంకాస్త వదులు చేసి నకిల్‌ను అటూఇటూ కదపండి. ఎంత ఆడుతోందో చేతికే తెలుస్తుంది. ఇప్పుడు నకిల్ పైభాగాన్ని ఇంజిను వైపుకు ఎంత పోతే అంత నెట్టి పట్టుకొని, ముందు పై నట్టు, తర్వాత కింది నట్టు బిగించండి. ఇది ఒక్కరి పని కాదు, ఒకరు నెట్టాలి, ఒకరు బిగించాలి. చివరి బిగువు మీ మోడల్ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన టార్క్ అంకె ప్రకారం టార్క్ రెంచ్‌తోనే వేయాలి. ఈ బోల్టులూ నట్లూ ఒక్కసారికే వాడాలని కంపెనీ చెప్పి ఉంటే కొత్తవి వేయించండి. ఇవి సడలితే చక్రం వాలిపోతుంది, ఇక్కడ పొదుపు పనికిరాదు.

షాపుకు వెళ్లేలోపు ఎంత మారిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. చదును నేల మీద చక్రం పక్కన నిటారుగా దారంతో గుండు వేలాడదీసి, రిమ్ము పైఅంచుకూ కిందిఅంచుకూ దారం నుంచి దూరం కొలవండి. అంచు నుంచి అంచుకు 400 మి.మీ. ఉన్న రిమ్ములో 7 మి.మీ. తేడా అంటే ఒక డిగ్రీ. మీ ఎడమ చక్రం −30 నిమిషాల దగ్గరికి రావాలంటే రిమ్ము మీద పాత కొలతకూ కొత్త కొలతకూ మధ్య నాలుగున్నర మిల్లీమీటర్ల మేర మార్పు కనపడాలి. కొలిచే ముందు బండిని దించి, ముందుభాగాన్ని రెండుమూడుసార్లు కిందికి నొక్కి వదిలి, ఓ పది అడుగులు ముందుకూ వెనక్కూ నడపాలి. జాకీ మీంచి దించగానే చక్రాలు పక్కకు బిగుసుకుని ఉంటాయి, అప్పటి కొలత నమ్మొద్దు.

రంధ్రాల్లోని సందు సరిపోక ఎడమది ఇంకా పాజిటివ్‌లోనే ఉంటే రెండు దారులున్నాయి. కుడి నకిల్‌ను అదే కొలతకు దగ్గరగా కొంచెం బయటికి తేవడం ఒకటి. రెండోది పైబోల్టు స్థానంలో కేంబర్ బోల్టు వేయడం. దాని నడుము సన్నగా, కాస్త పక్కకు తిరిగి ఉంటుంది, తిప్పినకొద్దీ నకిల్ జరుగుతుంది. మీ బోల్టు సైజుకు సరిపడేది, అదే బలం తరగతిది అయి ఉండాలి, తయారీదారు చెప్పిన టార్క్‌తోనే బిగించాలి. స్ట్రట్టుకు గొలుసు వేసి జాకీతో వంచి కేంబర్ తెస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. వంగిన గొట్టంలో పిస్టను కడ్డీ రాసుకుంటుంది, కొత్త స్ట్రట్టు కొన్నాళ్లకే నూనె కారుస్తుంది.

కొత్త స్ట్రట్టే వంకరగా ఉందేమో, నకిల్ వంగిందేమో అన్న సందేహం మిగిలితే ఎలైన్‌మెంట్ మిషన్‌లో ఎస్.ఏ.ఐ. అనే అంకె అడగండి. స్ట్రట్టు పైకొన నుంచి నకిల్ కింది కొనను పట్టే బాల్ జాయింటు దాకా గీసిన గీత ఎంత లోపలికి వాలిందో అది చెబుతుంది. రెండు పక్కలా ఎస్.ఏ.ఐ. ఒకటే ఉండి కేంబర్ మాత్రం తేడాగా ఉంటే లోపం స్ట్రట్టుకూ నకిల్‌కూ మధ్యే. బోల్టులు సరిచేసినా కుదరకపోతే ఆ రెండింటిలో ఒకటి వంగింది. లోయర్ ఆర్మ్‌ల (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేతులు) పనిలో సబ్‌ఫ్రేమ్ (ఆ ఆర్మ్‌లు బిగిసే ఇనుప చట్రం) వదులు చేసి పక్కకు జరిగి ఉంటే బొమ్మ వేరేలా ఉంటుంది. ఒక పక్క కేంబర్ ఎంత పాజిటివ్ వైపు పోతే, రెండో పక్క దాదాపు అంతే నెగటివ్ వైపు పోతుంది, ఎస్.ఏ.ఐ. కూడా రెండు పక్కలా ఎదురెదురుగా మారుతుంది. మీ కుడి చక్రం అయిదు నిమిషాలే కదిలింది గనక సబ్‌ఫ్రేమ్ మీద నాకు పెద్దగా అనుమానం లేదు.

అనుమానం ఉన్నది లోయర్ ఆర్మ్ బుష్‌ల మీద. ఇది ఎక్కువ గ్యారేజీల్లో జరిగే పొరపాటు. బుష్‌లోని రబ్బరు బయటి గిన్నెకూ లోపలి గొట్టానికీ అతికి ఉంటుంది. ఆర్మ్ బోల్టు బిగిస్తే లోపలి గొట్టం సబ్‌ఫ్రేమ్‌కు గట్టిగా పట్టుకుంటుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఆడేది రబ్బరు మెలి తిరగడం వల్లే. చక్రం వేలాడుతూ ఆర్మ్ కిందికి దిగి ఉన్నప్పుడు బోల్టు పూర్తిగా బిగిస్తే, బండిని నేల మీదికి దించగానే ఆ రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడుతుంది. బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ మెలి విడిపోవాలని ఆర్మ్‌ను కిందికి నెడుతూనే ఉంటుంది. ఒక పక్క అలా, మరో పక్క సరిగ్గా బిగిస్తే ఎత్తులో తేడా వస్తుంది, కేంబర్ తప్పుతుంది, రబ్బరు నెలల్లోనే చీలుతుంది. చేయాల్సిందిదీ: బండి నేల మీద ఉండగా హబ్బు నుంచి ఫెండర్ దాకా కొలత రాసుకోండి. స్టాండ్ల మీద ఎత్తాక బాల్ జాయింటు కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా చక్రాన్ని పైకి లేపండి. అప్పుడు ఆర్మ్ లోపలి బోల్టులు వదులు చేసి, రబ్బరు సర్దుకోనిచ్చి, టార్క్‌తో మళ్లీ బిగించండి. నాలుగు చక్రాల మీద నిలిచే ర్యాంపు ఉన్న గ్యారేజీలో ఈ కొలతల పనే ఉండదు, బండి తన బరువు మీద నిలబడే ఉంటుంది. మీ మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: ఆర్మ్ బోల్టులు చక్రం గాల్లో ఉన్నప్పుడు బిగించారా, నేల మీద ఉన్నప్పుడా? జవాబులో తడబాటు కనిపిస్తే రెండు పక్కలా విప్పి బిగించమనండి.

కాస్టర్ గడులు ఖాళీగా ఉండటం నాకు నచ్చలేదు. కాస్టర్ కొలవాలంటే ముందు చక్రాలను తిరిగే పళ్లేల మీద నిలిపి స్టీరింగును అటూఇటూ తిప్పి చూడాలి, అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. కాస్టర్ తక్కువున్న పక్కకు బండి లాగుతుంది. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ను ఎటు తిప్పి నొక్కారన్న దాన్ని బట్టి, ఆర్మ్ ఎడమదో కుడిదో అన్న దాన్ని బట్టి కూడా ఇది మారిపోతుంది. వెనక బుష్‌లో ఖాళీ సందులున్న రకమైతే ఆ సందులు ఏ వైపు ఉండాలో గుర్తు ఉంటుంది, రెండు పక్కలా అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. రెండు పక్కల కాస్టర్‌కూ మధ్య అర డిగ్రీ దాటిన తేడా ఉంటే ఎందుకో తేలేదాకా వదలొద్దు. ముందే ఒక ఊహ కావాలంటే స్టీరింగు నేరుగా పెట్టి, ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్య దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. ఎడమ చక్రం కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి ఉందనిపిస్తే ఎడమ ఆర్మ్, దాని బుష్ విప్పి చూడాల్సిందే.

ఇవన్నీ అయ్యాకే మళ్లీ ఎలైన్‌మెంట్. కేంబర్ మారితే టో తప్పకుండా మారుతుంది కాబట్టి అది ఎగ్గొట్టే వీలు లేదు. గాలి సరిచేసి, డిక్కీలో అనవసరపు బరువు తీసేసి వెళ్లండి. రిమ్ముకు బిగించే పట్టీలు వంకరగా కూర్చున్నా లెక్క సరిపోయేలా మిషన్‌లో రిమ్ము సర్దుబాటు చేయమనండి. మొదట వెనక చక్రాలు చూడాలి. వెనక టో ఒక పక్కకు తిరిగి ఉంటే బండి నడిచే దిశే వంకరవుతుంది, ముందు ఎంత సరిచేసినా స్టీరింగు పక్కకే నిలుస్తుంది. తర్వాత కాస్టర్, తర్వాత కేంబర్, చిట్టచివర స్టీరింగును నేరుగా బిగించి పెట్టి టో. టై రాడ్డు తిప్పే ముందు స్టీరింగు ర్యాక్ రబ్బరు తొడుగు క్లిప్పు వదులు చేయాలి, లేకపోతే తొడుగు మెలిపడి చిరుగుతుంది. ఎలక్ట్రిక్ స్టీరింగు ఉన్న బండి అయితే చివర్లో స్కానర్‌తో స్టీరింగు కోణం చూపే సెన్సరును సున్నాకు తెప్పించండి. పాత అంకెలూ కొత్త అంకెలూ రెండూ ఉన్న షీటు అడిగి తీసుకోండి. అందులో రంగు వదిలేసి కేంబర్, కాస్టర్ రెండింట్లోనూ ఎడమకూ కుడికీ మధ్య తేడా ఎంతుందో మీరే తీసి చూడండి. కేంబర్ తేడా పావు డిగ్రీ లోపు ఉంటే బాగా చేసినట్టే.

అంకెలు సరిగ్గా కుదిరాక కూడా లాగితే చూడాల్సినవి రెండు. ఒకటి, ఎడమ మలుపు తిరిగొచ్చాక ఎడమకూ, కుడి మలుపు తిరిగొచ్చాక కుడికీ పోతుంటే అది లాగుడు కాదు, ఎక్కడో బిగుసుకుంది. ఎక్కువగా స్ట్రట్టు పైనుండే బేరింగ్. బండి నిలిపి ఒకరు స్టీరింగు మెల్లగా తిప్పుతుంటే మీరు స్ప్రింగు మీద చేయి ఆనించండి. నున్నగా తిరగాలి, పట్టి పట్టి చటుక్కున జారితే బేరింగ్ తలకిందులుగా వేశారో, దుమ్ముతో నలిగిందో చూడాలి. రెండోది, స్టీరింగే తనంతట తాను తిరగడం. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉండేలా స్టాండ్ల మీద నిలిపి ఇంజిను వేయండి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఎవరూ ముట్టుకోకుండానే స్టీరింగు ఒక పక్కకు పోతే లోపం చక్రాల్లో లేదు, పవర్ స్టీరింగులో ఉంది. ఎలక్ట్రిక్ రకమైతే చాలాసార్లు టార్క్ సెన్సరు సున్నా సరిచేస్తే తీరుతుంది.

ఇక రేసు తొక్కినప్పుడే ఎడమకు, వదిలితే కుడికి పోయే బండి సంగతి వేరు. అందులో సబ్‌ఫ్రేమ్ బోల్టులూ ఆర్మ్ బోల్టులూ సడలి ఉండొచ్చు. అలాంటి ఛాయ ఏ కొంచెం కనపడినా వేగంగా నడపకుండా వెంటనే బిగువులు చూపించండి.

మీ విషయంలో నేనైతే వరుస ఇలా పెట్టుకుంటాను: గాలి, టైర్ల మార్పిడి, బ్రేకు వేడి ఒక పూటలో చూసేసి, ఎడమ నకిల్ బోల్టులూ రెండు పక్కల ఆర్మ్ బోల్టులూ ఒకే రోజు సరిచేయించి, అదే రోజు కాస్టర్‌తో సహా ఎలైన్‌మెంట్ చేయిస్తాను. చక్రాల నట్లు 50 కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్క్‌తో చూసుకోండి. అప్పటికీ ఎడమకే పోతుంటే కాస్టర్, ఎస్.ఏ.ఐ. అంకెలున్న కొత్త షీటు, టైర్లు పక్కలు మార్చినప్పుడు ఏం జరిగిందో రాసి పంపండి.